రైతు వాంగ్మూలం విన్న బారిస్టరు

కంచరపాలెం: రైల్వేలోనో, పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనికోసం వచ్చి ఈ పేటలో స్థిరపడిన కుటుంబాలలో చాలామందికి ఇప్పటికీ సొంత ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంటుంది. గజపతినగరం వైపో, చీపురుపల్లి వైపో, మాడుగుల వైపో ఉన్న ఆ చెక్క గురించి అన్నదమ్ముల మధ్యో, గట్టు పక్క రైతుతోనో తగువు వచ్చిందనుకోండి. తహసీల్దారు కచేరీలో ముందుగా అడిగే కాగితాలలో ఒకటుంది. దాన్ని సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు అంటారు. ఒకప్పుడు జమీందారీలో ఉండి, తర్వాత సర్కారు కిందికి వచ్చిన గ్రామాలకే ఈ కాగితం ఉంటుంది. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి, ఏ చెక్క ఎవరిదో తేల్చి రాసిన లెక్క అది.

ఆ చట్టం 1948 నాటిది. దాని వెనుక, దానికి పదేళ్ల ముందు జరిగిన ఒక విచారణ ఉంది. ఆ విచారణకు పెద్దగా కూర్చున్నవారు బారిస్టరు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. తుపాకికి రొమ్ము చూపిన ఆంధ్రకేసరిగా వారిని అందరూ ఎరుగుదురు. బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే మన జిల్లా రైతుకు వారు చేసిన అసలు మేలు ఆ విచారణలో ఉంది. దాన్ని గురించి చెప్పుకునేవారు తక్కువ.

పూటకూళ్లమ్మ కొడుకు

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దాపున వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదేళ్లు దాటిన కొద్దికాలానికే తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకారు. ఆ రోజుల్లో ఆ పనిని ఎవరూ గౌరవంగా చూసేవారు కాదు. పిల్లవాడు చురుకైనవాడే కానీ అల్లరి జాస్తి. నాటకాలంటే ప్రాణం, ఆడవేషాలు కూడా కట్టేవాడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు చేరదీసి, తాను రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకువెళ్లకపోతే ఆ చదువు ఒంగోలులోనే ఆగిపోయేది.

మద్రాసులో లా చదివి వచ్చి రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా నిలదొక్కుకున్నారు. రాబడి బాగుంది. పురపాలక సంఘానికి అధ్యక్షులూ అయ్యారు. కానీ సెకండు గ్రేడు ప్లీడరుకు ఒక గీత ఉంది. జిల్లా కోర్టు దాటి హైకోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. కింది కోర్టులో తానే నడిపిన కేసు పైకి పోతే, మరొకరికి అప్పగించి కూర్చోవలసిందే. ఆ గీత దాటాలంటే బారెట్లా కావాలి, బారెట్లాకు సముద్రం దాటాలి. 1904లో లండను బయలుదేరారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు.

లండనులో చదువుతో ఊరుకోలేదు. దాదాభాయి నౌరోజీ అక్కడి పార్లమెంటుకు పోటీ చేసినప్పుడు ఆయన పక్షాన తిరిగి పనిచేశారు. 1907లో మద్రాసు తిరిగివచ్చి హైకోర్టులో బారిస్టరుగా కూర్చున్నారు. ఆ ఏడే బిపిన్ చంద్రపాల్ మద్రాసుకు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. సర్కారుకు కోపం వస్తుందని పెద్దలు వెనుకాడిన ఆ సభలకు, అప్పుడే వృత్తిలో కాలుపెట్టిన ఈ కొత్త బారిస్టరు అధ్యక్షత వహించారు. కక్షిదారులు కావలసిన మనిషి చేయవలసిన పని కాదు మరి!

అయినా కక్షిదారులు వచ్చారు. పధ్నాలుగేళ్లలో మద్రాసులోనే కాదు, ఊటీలో కూడా ఆస్తి సంపాదించారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికను కొని నడిపారు. 1911 జూన్ 17న తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే స్టేషనులో వాంచినాథన్ అనే యువకుడు కాల్చి, తానూ కాల్చుకుని చనిపోయాడు. ఆ మీదట కుట్ర కేసు పెట్టి పధ్నాలుగురిని మద్రాసు హైకోర్టులో నిలబెట్టారు. చనిపోయినవాడు కలెక్టరు, అందులోనూ దొర. ముద్దాయిల తరఫున నిలబడడమంటే సర్కారు కంట్లో పడడమే. అలా నిలబడిన న్యాయవాదులలో ప్రకాశంగారు ఒకరు.

కోర్టు వదిలిన తర్వాత

1921లో సహాయ నిరాకరణ వచ్చింది. గాంధీగారు కోర్టులు వదలమన్నారు. కొందరు కొన్నాళ్లు వదిలి మళ్లీ చేరారు. ప్రకాశంగారు వదిలింది వదిలినట్టే. అదే ఏడు అక్టోబరులో స్వరాజ్య దినపత్రిక పెట్టారు. సంపాదించినదంతా అందులో పోసి, పదిహేనేళ్లు తిరగకుండానే ఖాళీ చేతులతో మిగిలారు. డబ్బు విషయంలో వారికి లెక్కా పత్రం తెలియదు. జనం ఇచ్చిన సొమ్మునూ సొంత సొమ్మునూ ఒకే చేత్తో ఖర్చుపెట్టేవారు. దానివల్ల తర్వాతి కాలంలో మాటలూ పడ్డారు.

గౌను తీసేసినా బారిస్టరు బుద్ధి పోలేదు. ఎక్కడైనా జనం చచ్చారని తెలిస్తే వెళ్లి కళ్లారా చూడాలి, అక్కడివారిని అడగాలి, అప్పుడే మాట్లాడాలి. 1921 ఆగస్టులో మలబారులో మోప్లా తిరుగుబాటు రేగింది. సైనిక శాసనం పెట్టారు. బయటివారు రాకూడదన్నారు. ప్రకాశంగారు నిషేధాన్ని లెక్కచేయక ఆ ప్రాంతంలో తిరిగారు. ఫలితంగా సర్కారు వారి ఊటీ ఆస్తిని జప్తు చేసింది.

అలా చూసివచ్చే మనిషి ఎందుకు అవసరమో ఆ నవంబరులో జరిగిన ఘోరమే చెబుతుంది. ఖైదులో ఉన్న మోప్లాలను తిరూరు నుంచి రైలులో తరలిస్తూ, గాలి ఆడని సామాన్ల పెట్టెలో కుక్కి తలుపులు బిగించారు. పోదనూరులో తెరిచేసరికి ఊపిరాడక అనేకులు చచ్చిపడి ఉన్నారు. తర్వాత ఆస్పత్రిలో పోయినవారితో కలిపి డెబ్బైమంది దాకా లెక్క తేలారు. కంచరపాలెంలో రైల్వే పెట్టెల మధ్య బతికినవారికి ఆ పెట్టె ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. సర్కారు నాప్ అనే అధికారి పెద్దగా ఒక విచారణ సంఘం వేసింది. కానీ ఆ చావులకు కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు. సర్కారు తన తప్పును తానే విచారించుకుంటే ఏమవుతుందో ఆ రోజుల్లోనే లోకానికి తెలిసింది.

ఇక 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు. మద్రాసులో హర్తాళు జరుగుతోంది. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరపగా ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడడానికి ఎవరినీ పోనివ్వడం లేదు. ప్రకాశంగారు అక్కడికి వెళ్లింది ఆ శవాన్ని చూడడానికే. సిపాయిలు తుపాకులు ఎత్తి అడ్డగిస్తే, చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించి కాల్చుకోమన్నారు. రొమ్ము చూపిన సంగతి పాటలకెక్కింది. ఎందుకు వెళ్లారన్న సంగతి మరుగున పడింది. ఈ రచయిత దృష్టిలో రెండవదే పెద్దది. తుపాకి దెబ్బతో మనిషి చస్తే, ఎక్కడ తగిలింది, ఎటువైపు నుంచి తగిలింది అని చూసే హక్కు జనానికి ఉందా లేదా? సర్కారు చెప్పినదే నమ్మాలా? శవ పంచాయతీ అన్నది పుట్టినదే ఈ ప్రశ్నకు జవాబుగా. ఆ బజారులో బారిస్టరు అడిగినదీ అదే.

జమీందారీ విచారణ

1937 నాటికి మన విశాఖపట్నం జిల్లా ఇప్పటి జిల్లా కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో మిగిలిన తెలుగు తాలూకాలు కూడా ఇందులో కలిశాయి. ఇచ్ఛాపురం నుంచి ఇటు చివరిదాకా ఒకే జిల్లా. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిపోయాయి. 2022లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు వేరయ్యాక ఇప్పుడున్నది చిన్న ముక్క. ఆనాటి ఆ పెద్ద జిల్లాలో విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మాడుగుల, టెక్కలి, మందస - ఎటు చూసినా సంస్థానాలే. రైతు శిస్తు కట్టేది దివాణానికి. అడవిలో కట్టె కొట్టాలన్నా, పశువును మేపాలన్నా దివాణం మనిషి అనుమతి కావాలి.

ఆ ఏడు ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే వి.వి. గిరిగారు ఓడించారు. రాజావారంటే సామాన్యులు కారు, అప్పటిదాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా ఉన్నవారు. గిరిగారు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన మరో బారిస్టరు, రైల్వే కార్మికుల నాయకుడు. కాంగ్రెసు గెలిచి రాజాజీ ప్రభుత్వం ఏర్పడింది. ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి అయ్యారు. అదే కాలంలో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుదాకా రైతు యాత్ర కాలినడకన సాగింది. జమీందారీ రైతుల గోడు వినక తప్పని పరిస్థితి వచ్చింది. ఎస్టేట్ల భూమి చట్టాన్ని పరిశీలించడానికి శాసనసభల తరఫున ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షులు ప్రకాశంగారు.

ఆ సంఘం కచేరీ గదిలో కూర్చుని నివేదిక రాయలేదు. ప్రశ్నావళి పంపింది. జమీందారులను అడిగింది, రైతు సంఘాలను అడిగింది. తెలుగు, తమిళ జిల్లాలలో తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. జమీందారుల పక్షాన హైకోర్టు న్యాయవాదులు కట్టల కొద్దీ దస్తావేజులు పెట్టారు. రైతు పక్షాన ఉన్నది నోటిమాట. తాత చెప్పినది, తండ్రి కట్టినది, తన చేతిలో ఉన్న నలిగిన రసీదు. దివాణం ముందు తలెత్తి మాట్లాడడానికి జంకిన మనిషి, సర్కారు సంఘం ముందు నిలబడి తన శిస్తు ఎంత, అది ఎప్పుడు పెరిగింది అని చెప్పాడు. ఆ మాటను రాసుకున్నారు. ఆ మాట అచ్చయింది. నివేదికతోపాటు సాక్ష్యాలు సంపుటాలుగా వెలువడ్డాయి.

ఇక్కడ బారిస్టరుగారి తెలివి ఎక్కడుందో కాస్త విడమరిచి చెప్పుకోవాలి. విషయం చట్టానికి సంబంధించినదే అయినా రైతుకు అర్థం కానిదేమీ లేదు.

1802లో కంపెనీవారు శాశ్వత పరిష్కారం చేశారు. జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషును ఎప్పటికీ మారకుండా స్థిరపరిచారు. రైతునుంచి సర్కారు వాటాగా వసూలయ్యేదానిలో సుమారు మూడింట రెండు వంతులు పేష్కషు, మిగిలినది జమీందారుకు. పేష్కషు పెరగదు. మరి రైతు కట్టే శిస్తు? అది మాత్రం ఏటేటా పెరిగింది. ఊరికే ఒక లెక్క వేసి చూడండి. రైతు మూడు రూపాయలు కట్టిన రోజున రెండు సర్కారుకు, ఒకటి దివాణానికి. అదే చెక్కకు శిస్తు తొమ్మిది రూపాయలైతే సర్కారుకు అదే రెండు, దివాణానికి ఏడు. నూరేళ్లలో జరిగినది ఇదే తీరు.

పెంచడానికి అధికారం ఎక్కడిది? జమీందారుల మాట ఏమిటంటే, భూమి మాది, రైతు మా కౌలుదారు, ఒప్పందం ప్రకారం కడుతున్నాడు. 1865 చట్టం కింద కోర్టులు కూడా అటే మొగ్గాయి. నాలుగేళ్లు ఎక్కువ శిస్తు కట్టావా, అయితే కట్టడానికి ఒప్పుకున్నట్టే అన్నారు. దివాణం భటుడు గుమ్మంలో కూర్చుంటే కట్టక ఏం చేస్తాడు? కట్టినదే ఒప్పందమైంది. 1908లో వచ్చిన ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగుహక్కు ఖాయం చేసింది, నిజమే. కాని అప్పటికి వసూలవుతున్న శిస్తే న్యాయమైన శిస్తని ఎంచమన్నది. కాదని రుజువు చేసే బరువు రైతు నెత్తిన పెట్టింది. పైగా ధరలు పెరిగాయని చెప్పి ఇరవై ఏళ్లకొకసారి రూపాయికి రెండణాల దాకా పెంచుకునే వీలు ఇచ్చింది.

ప్రకాశంగారు 1908 దగ్గర ఆగలేదు. 1865 దగ్గరా ఆగలేదు. వెనక్కు, మొదటి కాగితం దగ్గరికే వెళ్లారు. దస్తావేజు కేసులో అనుభవమున్న ప్లీడరు చేసే పని అదే. 1802లో శాశ్వత పరిష్కారపు నిబంధనతోపాటే పట్టాల నిబంధన అని మరొకటి వచ్చింది. శిస్తు రేటు గురించి జమీందారుకూ రైతుకూ తగువు వస్తే, పరిష్కారానికి ముందటి ఏడు ఏ రేటు ఉందో దాని ప్రకారం తేల్చమని అందులో ఉంది. ఎవరూ రద్దుచేయకుండా ఏళ్ల తరబడి చట్టంలో ఉన్నా, ఎవరూ గట్టిగా పట్టించుకోని వాక్యం అది. పంతులుగారు దాన్ని పట్టుకున్నారు. స్థిరపడినది పేష్కషు ఒక్కటే కాదు, రైతు శిస్తు కూడా ఆనాడే స్థిరపడింది అన్నారు. అయితే ఆ తర్వాత పెంచినదంతా అక్రమమే. జమీందారు భూమికి యజమాని కాడు, సర్కారు తరఫున శిస్తు వసూలు చేసిపెట్టేవాడు. భూమి దున్నేవాడిది. చెరువు, అడవి, మేత బీడు ఊరివారి అనుభవానికి చెందినవి.

1938 నవంబరులో సంఘం నివేదిక ఇచ్చింది. ఎక్కువమంది సభ్యుల తీర్పు ఇదే. జమీందారుల పక్షంవారు విడిగా అసమ్మతి రాశారు. న్యాయశాస్త్రం తెలిసినవారు కొందరు, ప్రకాశంగారు ఒక్క వాక్యం మీద ఎక్కువ బరువు పెట్టారని అన్నారు. నూట ముప్పైయేళ్ల చరిత్రను ఒక్క సెక్షను మోయగలదా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక మాట. ఆ నూట ముప్పైయేళ్లూ రుజువు బరువు మోసినది రైతే. ఆ బరువును మొదటిసారి దివాణం వైపు మార్చినది ఈ నివేదిక.

1939 జనవరిలో నివేదిక శాసనసభకు వచ్చింది. దాని ప్రకారం చట్టం తేవాలని తీర్మానం కూడా అయింది. చట్టం మాత్రం రాలేదు. అక్టోబరులో యుద్ధం పేరుమీద కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నివేదిక బీరువాలోకి పోయింది.

మందస దగ్గర

బీరువాలోకి పోయినది కాగితమే, రైతు గుండెలో పెరిగిన ఆశ కాదు. అడవి ఊరివారిదని సర్కారు సంఘమే రాసింది కదా అన్న మాట పల్లెల్లో పాకింది. మందస ఎస్టేటులో కట్టెల మీదే గొడవ మొదలైంది. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, అరెస్టు చేసినవారిని తీసుకుపోతుంటే జనం అడ్డుపడ్డారు. పోలీసులు కాల్చారు. సాసుమాన గున్నమ్మ అనే రైతు స్త్రీ, నిండు గర్భిణి, ఆ కాల్పుల్లో ప్రాణం విడిచింది. ఆమెతోపాటు మరికొందరు రైతులు పోయారు. ఆనాటికి మందస మన విశాఖపట్నం జిల్లాలోనిదే. వీర గున్నమ్మ అని ఆమెను ఇప్పటికీ ఉద్దానంలో తలుచుకుంటారు.

రెండేళ్ల ముందు చట్టం వచ్చి ఉంటే ఆమె బతికేదా? ఎవరు చెప్పగలరు! విచారణ జరిపి, నిజం తేల్చి, అమలు ఆపితే ఏమవుతుందో మాత్రం మందస చూపించింది.

ప్రధాని కుర్చీలో

1942 ఉద్యమంలో ప్రకాశంగారిని నిర్బంధించి దాదాపు మూడేళ్లు జైలులో ఉంచారు. వయసు డెబ్బై. బయటికి వచ్చాక, 1946 ఏప్రిల్ 30న మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. పదకొండు నెలలే ఆ పదవిలో ఉన్నా, జమీందారీలు రద్దు కావాలన్న సూత్రాన్ని 1947 జనవరిలో శాసనసభ చేత ఒప్పించారు. ఇక శిస్తు తగ్గించి ఊరుకోవడం కాదు, జమీందారీయే ఉండకూడదు అన్న దాకా విషయం వచ్చింది.

ఈ జనవరిలోనే మరొక పని జరిగింది. దాన్ని దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. ప్రజా భద్రత పేరుమీద ప్రకాశంగారి ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. కోర్టులో విచారణ లేకుండా మనుషులను నిర్బంధించవచ్చు. దాని కింద అనేకమంది కమ్యూనిస్టులను, రైతు, కార్మిక నాయకులను జైళ్లలో పెట్టారు. తెలుగు పల్లెల్లో దానికి ప్రకాశం ఆర్డినెన్సు అనే పేరు పడింది. సమ్మెలు, అల్లర్లు ఎక్కువై శాంతి భద్రతలు చేయి దాటుతున్నాయని ప్రభుత్వం వాదించింది. కావచ్చు. కానీ విచారణ లేని జైలు ఎలా ఉంటుందో తాను అనుభవించి రెండేళ్లు కూడా కాలేదు. శవాన్ని చూడనివ్వమని తుపాకికి ఎదురు నిలిచిన మనిషే, ముద్దాయి మాట వినకుండా లోపల వేసే కాగితం తెచ్చారు. వారిని దేవుడిగా చూసినవారిలో కూడా కొందరు దీన్ని మరిచిపోలేదు, మన్నించనూ లేదు.

1947 మార్చిలో సొంత పార్టీవారే వారిని దించారు. తర్వాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం. ఆ చట్టాలమీద సంతకం ప్రకాశంగారిది కాదు. 1938 నివేదిక కోరినదానికన్నా ఇది ఒక మెట్టు ముందుకు వేసి, ఒక మెట్టు వెనక్కు తగ్గింది. జమీందారీని పూర్తిగా తీసేసింది, సరే. కాని జమీందారుకు పరిహారం ఇచ్చింది. ఊరి చెరువు, గయాళు, అడవి ఊరికి కాక సర్కారుకు దఖలు పడ్డాయి. సాగులో ఉన్న జిరాయితీ రైతుకు రైత్వారీ పట్టా వచ్చింది. దివాణంవారి సొంత కమతంగా రుజువైన భూమి వారికే మిగిలింది. ఏది కమతం, ఏది జిరాయితీ అన్న తగువులు ఏళ్లకు ఏళ్లు సెటిల్‌మెంటు అధికారుల ముందు నడిచాయి. అలా తేల్చి రాసిన కాగితమే మొదట చెప్పుకున్న ఫెయిర్ అడంగలు. విశాఖ చుట్టూ భూమి విలువ లక్షలు, కోట్లు దాటిన ఈ రోజుల్లో గయాళు ఎవరిది, చెరువు గర్భం ఎవరిది అన్న వివాదాలలో ఆ పాత మాటలే తిరిగి వినిపిస్తుంటాయి.

చివరి రోజులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ప్రకాశంగారే. ఎనభై ఒకటవ ఏట, కర్నూలులో, గుడారాల మధ్య. మన విశాఖవాసి తెన్నేటి విశ్వనాథంగారు ఆ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. లక్కవరంలో పుట్టి, విశాఖలో వకీలుగా పేరు తెచ్చుకున్న తెన్నేటివారు ప్రకాశంగారికి కుడిభుజం వంటివారు.

ఆ పదమూడు నెలలలో జరిగిన పనులలో ఒకటి మన కథకు సంబంధించినది. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. హైకోర్టులో నిలబడే హక్కు కోసం సముద్రం దాటిన సెకండు గ్రేడు ప్లీడరు, తెలుగువారికి సొంత హైకోర్టు వచ్చిన రోజున ముఖ్యమంత్రిగా ఉన్నారు. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రి వాస్తవ్యులు కోకా సుబ్బారావుగారు. తర్వాత వారు సుప్రీంకోర్టుకు పెద్దయి, 1967లో గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటు కూడా ప్రాథమిక హక్కులను తీసివేయజాలదని తీర్పు చెప్పిన ధర్మాసనానికి నాయకత్వం వహించారు.

1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గి ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత కూడా తిరగడం మానలేదు. ఇల్లు లేదు, ఆస్తి లేదు, తిరగవద్దని చెబితే వినే స్వభావమూ కాదు. 1957 ఎండాకాలంలో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడలు తిరిగి వడదెబ్బ తిన్నారు. మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టారు.

నా జీవిత యాత్ర అనే పేరుతో వారు తన కథ తానే రాసుకున్నారు. మూడు భాగాలు రాసేసరికి కాలం అయిపోయింది. మిగిలిన నాలుగవ భాగాన్ని తెన్నేటి విశ్వనాథంగారు రాసి పూర్తిచేశారు.